కాథరిన్ లెర్వా: మూడు ఫ్రేముల వెనకున్న పని

మూడు ఫొటోలు, మూడూ నలుపు తెలుపే. మొదటిదాంట్లో అమెరికా నౌకాదళానికి చెందిన వైద్య సహాయకుడు, నేలమీద పడి ఉన్న తోటి సైనికుడి మీదికి వంగి, ఛాతీ గాయాన్ని చేతులతో అదిమిపట్టి రక్తం ఆపడానికి చూస్తున్నాడు. రెండోదాంట్లో తల వాల్చి, గుండె ఇంకా కొట్టుకుంటోందా అని చెవి ఆనించి వింటున్నాడు. మూడోదాంట్లో తల పైకెత్తాడు. పడి ఉన్న మనిషి చనిపోయాడని ఆ ముఖమే చెబుతోంది. వెనక బాంబులకు కొమ్మలు విరిగి, ఆకులు రాలిపోయిన చెట్లు. అది 1967 వసంతం, వియత్నాంలో ఖే సాన్ దగ్గరి 881 అనే కొండ. వైద్య సహాయకుడి పేరు వెర్నన్ వైక్. ఫొటోలు తీసింది 22 ఏళ్ల ఫ్రెంచ్ అమ్మాయి.

ఆమె పేరు కాథరిన్ లెర్వా. ఇంగ్లిష్ స్పెల్లింగ్ చూసి చాలామంది లెరోయ్ అంటారు గానీ, ఫ్రెంచ్ ఉచ్చారణ లెర్వా. ఆమె గురించి రాసినవాళ్లంతా ధైర్యం దగ్గర మొదలుపెట్టి ధైర్యం దగ్గరే ఆపేస్తారు. ధైర్యం ఉన్న మాట నిజమే, దానికి సాక్ష్యాలూ బోలెడు. అయితే ఆ మూడు ఫ్రేములు రావడానికి అది ఒక్కటే చాలదు. గాయపడిన మనిషికి నాలుగడుగుల దూరంలో కెమెరా సిద్ధంగా ఉండాలి. ఫోకస్ ముందే కుదిరి ఉండాలి. రీల్‌లో ఫ్రేములు మిగిలి ఉండాలి. అన్నింటికీ మించి, ఫొటోగ్రాఫర్ ఆ దళంతో రోజుల తరబడి నడిచి ఉండాలి. ఆమె గొప్పతనం ఈ సిద్ధపాటులో ఉంది, ఆ సిద్ధపాటును విప్పి చూస్తేనే ఆ పని విలువ తెలుస్తుంది.

1944 ఆగస్టు 27న పారిస్ శివార్లలో పుట్టింది. క్యాథలిక్ బోర్డింగ్ స్కూల్లో చదివింది. పారీ మాచ్ వారపత్రికలో వచ్చే పెద్ద పెద్ద యుద్ధ ఫొటోలు చూస్తూ పెరిగింది. ఫొటోగ్రఫీలో శిక్షణ లేదు, ఏ పత్రికలోనూ ఉద్యోగం లేదు. పారాషూట్ దూకడం మాత్రం వచ్చు. టీనేజీలోనే నేర్చుకుంది, వియత్నాంకు వెళ్లేనాటికే ఆమె ఖాతాలో 84 దూకుళ్లు ఉన్నాయి. 1966లో ఒకవైపు టికెట్ కొనుక్కుని దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్‌లో దిగింది. చేతిలో లైకా ఎం2 కెమెరా ఒకటి, సుమారు 200 డాలర్లు. మనిషి ఎత్తు అయిదడుగులు. బరువు 85 పౌన్లు, అంటే 39 కిలోలు కూడా నిండవు. అప్పటికి వయసు 21.

అసోసియేటెడ్ ప్రెస్ (ఏపీ) సంస్థకు సైగాన్‌లో ఫొటో విభాగం అధిపతి హోర్స్ట్ ఫాస్. ఆయనకు పులిట్జర్ బహుమతి వచ్చి అప్పటికి ఏడాది. పనికొచ్చే ఫొటో తెస్తే ఒక్కోదానికి 15 డాలర్లు ఇస్తానన్నారు. ఆమె జీవితాన్ని అర్థం చేసుకోవాలంటే ఈ అంకె దగ్గర కాస్త ఆగాలి. జీతం లేదు, గది అద్దె ఇచ్చే సంస్థ లేదు, గాయపడితే ఇంటికి పంపే ఏర్పాటూ లేదు. వారంపాటు అడవిలో తిరిగి వచ్చి నాలుగు ఫొటోలు అమ్మితే 60 డాలర్లు. కాబట్టి ఏజెన్సీ సొంత ఫొటోగ్రాఫర్లు వెళ్లినచోటికే వెళ్లి, వాళ్లు తీసినలాంటి ఫొటోనే తెస్తే ఎవరూ కొనరు. వాళ్లకంటే ముందుకు వెళ్లాలి, లేదా వాళ్లు వెనుదిరిగాక కూడా ఉండిపోవాలి. లెర్వా రెండూ చేసింది. సాయంత్రానికి హెలికాప్టర్ ఎక్కి సైగాన్ హోటల్‌కు చేరే విలేకరులు చాలామందే ఉండేవారు. ఆమె సైనికులతోపాటు తడి నేలమీద పడుకుని, వాళ్లు తినే డబ్బా తిండే తిని, నెలలో ఎక్కువ రోజులు దళాల వెంటే గడిపింది.

అలా తిరగడం వియత్నాంలో సాధ్యమయ్యేది. అమెరికన్ సైనిక కమాండ్ ఇచ్చే ప్రెస్ కార్డు చేతికొస్తే చాలు, సైనిక విమానంలోనో హెలికాప్టర్‌లోనో ఖాళీ ఉన్నచోట ఎక్కి ఎక్కడికైనా వెళ్లొచ్చు. ఫ్రీలాన్సర్లు మాత్రం తమ పని కొంటామని వార్తాసంస్థల నుంచి ఉత్తరాలు తెచ్చి చూపాలి. రాసినదాన్నీ తీసినదాన్నీ ముందుగా చూసి కత్తిరించే సెన్సార్ లేదు. దళాల కదలికలు ముందే బయటపెట్టకూడదు, చనిపోయినవారి కుటుంబానికి కబురు చేరకముందే వివరాలు ప్రచురించకూడదు వంటి కొన్ని నియమాలకు ఒప్పుకుంటే చాలు. ఈ స్వేచ్ఛ తర్వాతి యుద్ధాల్లో విలేకరులకు దక్కలేదు. వియత్నాం ఫొటోలు అంత దగ్గరగా, అంత పచ్చిగా ఉండటానికి సగం కారణం ఈ ఏర్పాటే.

ఆడవాళ్లకు మాత్రం ఆ తలుపు సగమే తెరుచుకునేది. అమెరికన్ మహిళా ఫొటోగ్రాఫర్ డిక్కీ చాపెల్ 1965 నవంబరులో మెరీన్ల (అమెరికా సాయుధ దళాల్లో ఒక విభాగం) గస్తీతో వెళ్లి, మందుపాతర పేలి చనిపోయింది. లెర్వా వచ్చేసరికి ఆ సంఘటన అధికారుల మనసుల్లో తాజాగా ఉంది. ఆ తర్వాత వియత్నాంలో అమెరికన్ సేనల అధిపతి జనరల్ వెస్ట్‌మోర్లండ్, మహిళా విలేకరులు రాత్రిళ్లు యుద్ధక్షేత్రంలో ఉండకూడదని ఆంక్ష పెట్టబోతే, ఆ మహిళలే ఒక్కటై ఎదిరించి ఆపించారు. రాత్రి ఉండనివ్వకపోతే ఈ ఉద్యోగమే లేదని వాళ్లకు తెలుసు. దాడులు ఎక్కువగా జరిగేది తెల్లవారుజామునే. సాయంత్రం వెనక్కి రమ్మంటే, మర్నాడు పొద్దున జరిగేది మగవాళ్లకే వదిలేసినట్టు. లెర్వా నోరు కటువు. ఒక మెరీన్ అధికారిని తిట్టినందుకు ఆమె ప్రెస్ కార్డును కొన్నాళ్లు ఆపేశారు కూడా.

కెమెరా, రీలు, దూరం

ఆమె తీసుకెళ్లిన లైకా ఎం2లో లైట్‌మీటర్ లేదు. వెలుతురు అంచనా ఫొటోగ్రాఫర్ కంటికే వదిలేసిన కెమెరా అది. ఆ రోజుల్లో వార్తా ఫొటోగ్రాఫర్లందరి చేతిలోనూ ఉన్నది కొడాక్ ట్రై-ఎక్స్, 400 ఏఎస్ఏ నలుపు తెలుపు ఫిల్మ్. మండుటెండలో ఆ ఫిల్మ్‌కు సెకనులో 500వ వంతు వేగం, ఎఫ్16 అపెర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం, అంకె పెరిగేకొద్దీ చిన్నదవుతుంది) సరిపోతాయి. దట్టంగా మబ్బు పడితే 250వ వంతు, ఎఫ్8. అదే అడవిలో మూడు పొరల ఆకుల కిందికి దిగితే 60వ వంతు, ఎఫ్4 కూడా చాలకపోవచ్చు. వియత్నాం యుద్ధమంతా ఈ రెండు వెలుగుల మధ్యే జరిగింది. చెట్ల కింద నుంచి ఒక్కసారిగా పొలంలోకి వచ్చిపడినప్పుడు ఏడు స్టాపుల తేడా వస్తుంది, ఒక్కో స్టాపుకూ వెలుతురు రెట్టింపవుతుంది. డయల్ తిప్పడం మరిచిపోతే ఫ్రేము తెల్లగా మాడిపోతుంది. వెనక్కి అడవిలోకి దూకినప్పుడు మళ్లీ మార్చకపోతే నల్లముద్దే. అందుకే అనుభవమున్నవాళ్లు నడుస్తూనే, ఏమీ జరగకముందే, ప్రతి నీడ దగ్గరా వేళ్లతో డయల్ సరిచేస్తూ ఉంటారు. తుపాకులు మోగాక మార్చుకుందామనుకుంటే కుదిరే పని కాదు.

ఫోకస్ సంగతీ అంతే. 35 మిల్లీమీటర్ల లెన్స్‌ను ఎఫ్8 దగ్గర ఉంచి, దూరాన్ని 3 మీటర్లకు బిగిస్తే, దాదాపు రెండు మీటర్ల నుంచి ఏడు మీటర్ల దాకా ఉన్నదంతా స్పష్టంగా వస్తుంది. ఇక ఫోకస్ రింగు ముట్టుకోనక్కర్లేదు. కెమెరా ఎత్తడం, నొక్కడం, అంతే. కాకపోతే ఈ ఏర్పాటుకు కట్టాల్సిన మూల్యం ఒకటుంది. 35 లెన్స్‌తో రెండు మీటర్ల దూరం నుంచి తీస్తే ఫ్రేములో పట్టేది సుమారు రెండు మీటర్ల వెడల్పు, అంటే నేలమీద పడుకున్న ఒక మనిషి, పక్కన వంగిన ఇంకొకరు. పది మీటర్ల దూరంలో ఉంటే ఆ ఇద్దరూ పది మీటర్ల పొదల మధ్య రెండు చుక్కలైపోతారు. దూరాన్ని దగ్గరగా చూపే 200 మిల్లీమీటర్ల లెన్స్ ఉంటే పది మీటర్ల నుంచి కూడా అదే వెడల్పు దొరుకుతుంది నిజమే, కానీ అడవి వెలుతురులో చేయి వణికితే చాలు, ఫొటో అలుక్కుపోతుంది. పైగా ఆ లెన్స్ వెనకున్నదాన్ని ముందుకు లాగి అతికించినట్టు చూపిస్తుంది, చూసేవాడు బయటే నిలబడిపోతాడు. చిన్న లెన్స్‌తో దగ్గరగా తీసినప్పుడు చూసేవాడు కూడా ఆ గడ్డిలోనే మోకాళ్లమీద ఉన్నట్టుంటుంది. లెర్వా యుద్ధ ఫొటోల బలం ఎక్కువగా ఈ రెండో రకంలోనే ఉంది.

కెమెరా పెట్టే తిప్పలు కూడా తక్కువేమీ కాదు. ఎం2లో రీలు ఎక్కించాలంటే అడుగుపలక ఊడదీసి, విడిగా వచ్చే స్పూల్‌కు ఫిల్మ్ కొసను తొడిగి, రెండింటినీ కలిపి లోపలికి జారవిడవాలి. ఊడదీసిన పలకను పెట్టుకోవడానికి చోటుండదు, పళ్లమధ్య కరిచిపట్టుకునేవారు. బురదలో పడుకుని, చెమట చేతులతో ఈ పని చేస్తుంటే కొస సరిగ్గా పట్టదు. పట్టకపోయినా లీవర్ తిరుగుతూనే ఉంటుంది, షట్టర్ పడుతూనే ఉంటుంది, 36 ఫ్రేములు తీశానని మనిషి అనుకుంటాడు. ఫిల్మ్ మాత్రం కదలదు. పరీక్ష ఒక్కటే: లీవర్ తిప్పినప్పుడు పక్కనున్న రివైండ్ నాబ్ కూడా తిరుగుతోందా లేదా చూసుకోవాలి. ఎం2లో ఫ్రేముల లెక్క చూపే చక్రం రీలు మార్చినప్పుడు దానంతట సున్నాకు రాదు, చేత్తో తిప్పాలి. అది మరిచిపోతే అసలు క్షణంలో ఎన్ని ఫ్రేములు మిగిలాయో తెలియదు. ఎం2 లాంటి రేంజ్‌ఫైండర్ కెమెరాల్లో చూసే కిటికీ వేరు, ఫొటో తీసే లెన్స్ వేరు. కాబట్టి లెన్స్ మూత తీయకపోయినా దృశ్యం చక్కగా కనిపిస్తూనే ఉంటుంది. ఇలా మొత్తం రీళ్లు పోగొట్టుకున్న వార్తా ఫొటోగ్రాఫర్లు ఎందరో. వీటన్నింటిమీద తేమ ఒకటి. వానాకాలంలో నెలల తరబడి ఆరని సంచిలో లెన్స్ గాజుమీద బూజు పాకుతుంది, ఎర్రమట్టి ధూళి రింగుల సందుల్లో చేరి గరగరలాడుతుంది. తీసిన రీళ్లను ప్లాస్టిక్‌లో చుట్టి ఒంటికి దగ్గరగా దాచుకోవాలి.

రీలు తీశాక అసలు ప్రయాణం మొదలయ్యేది. కొండమీద నుంచి వెళ్లే హెలికాప్టర్‌లో గాయపడినవాళ్లు ముందు, శవాలు తర్వాత, ఆ తర్వాతే ఫిల్మ్ సంచి. సైగాన్‌లో ఏపీ చీకటిగదిలో కడిగి, ఎంచి, ప్రింటు వేసి, వివరాలు టైపు చేసి అతికిస్తారు. ఆ ప్రింటును తిరిగే గొట్టానికి చుట్టి, వెలుగు చుక్కతో గీత వెంట గీతగా చదివి, ఆ నలుపు తెలుపుల తేడాను ధ్వనిగా మార్చి రేడియోలో పంపేవారు. ఒక్క ఫొటో చేరడానికి చాలా నిమిషాలు పట్టేది. వాతావరణం బాగాలేకపోతే ముఖానికి అడ్డంగా చారలు పడి, మళ్లీ మొదటి నుంచి పంపాల్సి వచ్చేది. మధ్యస్థపు బూడిదరంగులు ఈ దారిలో కొట్టుకుపోతాయి. కాబట్టి గీతలు స్పష్టంగా, ఆకారం ఒక్కచూపులో తెలిసే ఫొటోలే బతికి బట్టకట్టేవి. రంగుల ఫిల్మ్ మాత్రం మామూలుగా విమానంలోనే పారిస్‌కో న్యూయార్క్‌కో వెళ్లేది. వివరాల చీటీ లేని ఫొటోను ఎవరూ వాడరు కనుక, కాల్పుల మధ్య కూడా దళం పేరు, చోటు, తేదీ, మనుషుల పేర్లు నోటుపుస్తకంలో రాసుకోవాలి. వైక్ పేరు ఇవాళ్టికీ ఆ ఫొటోతో నిలిచి ఉందంటే, దాని వెనక ఇలాంటి పని ఉంది.

ఆకాశం నుంచి ఒకసారి

1967 ఫిబ్రవరి 22న ఆమె 84 దూకుళ్ల అనుభవం అక్కరకొచ్చింది. కంబోడియా సరిహద్దుకు దగ్గర్లో, టే నిన్ రాష్ట్రంలోని కాటుమ్ వద్ద 173వ ఎయిర్‌బోర్న్ బ్రిగేడ్ సైనికులు ఎనిమిది వందలమందికి పైగా సీ-130 విమానాల నుంచి దూకారు. జంక్షన్ సిటీ అనే ఆ సైనిక చర్యలో లెర్వా కూడా వాళ్లతోపాటే, కెమెరాలతో దూకింది. వియత్నాం యుద్ధంలో అమెరికన్ దళాలతో పారాషూట్‌తో పోరులోకి దిగిన మొదటి గుర్తింపు పొందిన జర్నలిస్టు ఆమే.

ఇది చెప్పినంత తేలిక కాదు. పారాషూట్ తెరుచుకున్న క్షణాన ఒళ్లంతా ఒక్క కుదుపు కుదుపుతుంది. మెడలో వదులుగా వేలాడే కెమెరా ఆ కుదుపుకు ఎగిరి ముఖానికి తగలొచ్చు, పట్టీ వెళ్లి తాళ్లలో చిక్కుకోవచ్చు. అందుకే తెరుచుకునేదాకా కెమెరాను ఒంటికి గట్టిగా బిగించి, తర్వాతే చేతిలోకి తీసుకోవాలి. దూకే ఎత్తు తక్కువ కనుక, నేలను తాకేలోపు ఫొటో తీయడానికి దొరికేది నిమిషంలోపు సమయం. తేలికపాటి మనిషికి ఇంకో ఇబ్బంది. బరువైన సైనికుడి కోసం తయారైన పారాషూట్ కింద 39 కిలోల మనిషి నెమ్మదిగా దిగుతుంది, దిగేలోపు గాలి పక్కకు మోసుకుపోతుంది, తన దళానికి దూరంగా ఒంటరిగా పడొచ్చు. ఆరోజు ఆమె గాల్లో నుంచి తీసిన ఫొటోల్లో గొడుగుల్లా విచ్చుకున్న పారాషూట్లు ఆకాశమంతా కనిపిస్తాయి. అందమైన ఫొటోలే. అయితే ఆమె పనిలో ఇవి అంత ముఖ్యమైనవని చెప్పలేం. వాటి విలువ వేరేచోట ఉంది. ఆరోజు నుంచి సైనికులు ఆమెను అతిథిలా చూడటం మానేశారు. రెండు నెలల తర్వాత 881 కొండమీద ఆమె అంత దగ్గరగా ఉండగలగడానికి ఈ నమ్మకం దారి వేసింది.

కొండ

కొండలకు అమెరికన్ సైన్యం పెట్టిన అంకెలు వాటి ఎత్తు, మీటర్లలో. 1967 ఏప్రిల్ చివర్లో ఖే సాన్ స్థావరం చుట్టూ ఉన్న 861, 881 దక్షిణం, 881 ఉత్తరం అనే కొండలకోసం మెరీన్లకూ ఉత్తర వియత్నాం సైన్యానికీ రెండు వారాల పోరు నడిచింది. 155 మంది మెరీన్లు చనిపోయారు. గాయపడినవాళ్లు నాలుగు వందలకు పైనే. కొండలమీద కందకాలు తవ్వి, పైన దుంగలూ మట్టీ కప్పి ఉత్తర వియత్నాం సైనికులు ముందే సిద్ధంగా ఉన్నారు. అప్పుడప్పుడే చేతికందిన ఎం16 తుపాకులు మెరీన్లకు కాల్పుల మధ్యలో ఇరుక్కుపోయాయి. బరెల్‌లో ఖాళీ తూటా పట్టేసి, లోపలికి కడ్డీ దూర్చి పొడిచి బయటకు తీయాల్సి వచ్చింది. ఈ ఫిర్యాదులు తర్వాత అమెరికన్ కాంగ్రెస్ విచారణదాకా వెళ్లాయి.

ఆ కొండ ఎక్కుతున్న దళంతో లెర్వా ఉంది. లీవర్ ఒకసారి తిప్పితే ఒక ఫ్రేము, మోటారు సాయం లేకుండా చేత్తో. వరసగా తీసేటప్పుడు ఫొటోగ్రాఫర్లు మామూలుగా చేసే తప్పు రెండో ఫొటోకల్లా పక్కకు జరగడం, ఇంకా మంచి కోణం వెతుక్కోవడం. ఆమె జరగలేదు. మూడింటిలో కోణం దాదాపు అదే, దూరం అదే, వెనక చెట్లూ అవే. మారేది వైక్ ఒంటి వాలు ఒక్కటే: చేతులు, చెవి, ముఖం. కోణం మారకపోవడం వల్లే చూసేవాడి కన్ను ఒక్కో ఫ్రేములో ఏం మారిందో దాన్నే పట్టుకుంటుంది. ఆ మార్పు ఏమిటంటే ఒక ప్రాణం పోవడం. కిందికి వంగి ఉన్నంతసేపు వైక్ ముఖం సరిగా కనిపించదు. ముఖం కనిపించని రెండు ఫ్రేముల తర్వాత అది ఒక్కసారిగా కనిపించడం వల్ల మూడోదానికి అంత బలం వచ్చింది. చనిపోయిన మనిషి మీదికి ఆమె కెమెరా వెళ్లలేదు. బతికి ఉన్నవాడి దగ్గరే నిలబడింది. అది ఎంచుకుని చేసిన పనే అనిపిస్తుంది.

ఆ వరస ఫొటోలు అమెరికన్ వారపత్రిక లైఫ్‌లోనూ, పారీ మాచ్‌లోనూ వచ్చాయి, ఆమె పేరు ప్రపంచానికి తెలిసింది. జర్నలిస్టులకు ఇచ్చే జార్జ్ పోల్క్ అవార్డు వచ్చింది. కానీ ఆ కొండ దిగిన రెండు వారాలకే, ఉత్తర దక్షిణాల మధ్య సైన్యరహిత ప్రాంతానికి దగ్గర్లో మెరీన్లతో ఉండగా మోర్టార్ గుండు పడి తీవ్రంగా గాయపడింది. ఇనుప ముక్కలు ఒంట్లో దిగాయి, దవడ విరిగింది. ఒక ముక్కను మెడలో ఉన్న కెమెరా అడ్డుకుంది. అది తగలకపోతే ఆమె బతికేది కాదని చెబుతారు. ఆసుపత్రి నౌకలో చికిత్స జరిగింది. కోలుకోగానే మళ్లీ దళాల దగ్గరికే వెళ్లింది.

అటువైపు వాళ్ల ఫొటోలు

1968 జనవరి చివర, వియత్నాం కొత్త సంవత్సరపు పండుగ టెట్ రోజుల్లో, ఉత్తర వియత్నాం సైన్యం పాత రాజధాని హ్యూ నగరాన్ని పట్టుకుంది. ఫ్రెంచ్ వార్తాసంస్థ ఏఎఫ్‌పీ విలేకరి ఫ్రాన్స్వా మజూర్‌తో కలిసి లెర్వా మామూలు దుస్తుల్లో, సైకిల్ మీద నగరంలోకి వెళ్లింది. వేలమంది శరణార్థులు తలదాచుకున్న ఒక చర్చిలో ఆగారు. వీళ్లుంటే తమకూ ముప్పని అక్కడివాళ్లు భయపడటంతో, తెల్లగుడ్డ పట్టుకుని, పారిస్ నుంచి వచ్చిన ఫ్రెంచ్ పత్రికలవాళ్లమని వియత్నామీస్‌లో రాసిన చీటీ పెట్టుకుని బయటకు నడిచారు. ఉత్తర వియత్నాం సైనికులు పట్టుకుని చేతులు కట్టేసి, కెమెరాలు లాక్కున్నారు. తర్వాత ఒక అధికారి వచ్చి, వీళ్లు ఫ్రెంచ్ జర్నలిస్టులని నమ్మి వదిలేశాడు, కెమెరాలు తిరిగిచ్చాడు.

ఇక్కడ ఎవరైనా పరుగు తీసేవారు. ఆమె మాత్రం ఫొటోలు తీసుకోవచ్చా అని అడిగింది. వాళ్లు ఒప్పుకున్నారు. 1968 ఫిబ్రవరి 16 నాటి లైఫ్ పత్రిక ముఖచిత్రంగా ఆ ఉత్తర వియత్నాం సైనికుల ఫొటో వచ్చింది, లోపల ఆమె కథనంతో సహా.

ఈ ఫొటోలను 881 కొండ ఫొటోల పక్కన పెట్టి చూడాలి. కొండమీద వైక్‌కు కెమెరా ఉన్న స్పృహే లేదు. హ్యూలో సైనికులు కెమెరాకోసం నిలబడ్డారు, తుపాకులు పట్టుకుని, తాము గెలుస్తున్నట్టుగా. అవి అనుమతితో, వాళ్లు తమను చూపించుకోవాలనుకున్న తీరులో తీసినవి. ఆ సంగతి మరిచిపోకూడదు. అయినా వాటి విలువ తగ్గదు. అప్పటిదాకా అమెరికన్ పాఠకుడికి శత్రువంటే శవమో, కళ్లకు గంతలు కట్టిన ఖైదీనో, చెట్ల చాటు నుంచి వచ్చే తూటానో. మొదటిసారి యూనిఫాంలో, క్రమశిక్షణతో, తన కందకంలో తాను నిబ్బరంగా కూర్చున్న కుర్రవాడి ముఖం ఇంటికొచ్చే పత్రిక అట్టమీద కనిపించింది. గెలుపు దగ్గర్లో ఉందని అధికారులు చెబుతున్న కాలంలో ఆ ముఖం అడిగిన ప్రశ్న చిన్నది కాదు.

ఆ తర్వాత ఆమె వియత్నాం వదిలింది. శరీరానికీ మనసుకూ తగిలిన దెబ్బలు మానడానికి చాలా కాలం పట్టింది. 1972లో, యుద్ధాన్ని వ్యతిరేకిస్తూ ప్రదర్శనకు బయల్దేరిన మాజీ సైనికుల మీద ఫ్రాంక్ కవెస్తానితో కలిసి ఒక డాక్యుమెంటరీ తీసింది. అందులో యుద్ధంలో గాయపడి చక్రాల కుర్చీకి పరిమితమైన మాజీ మెరీన్ రాన్ కోవిక్ కూడా ఉన్నాడు. తర్వాత సైప్రస్, ఉత్తర ఐర్లండ్, సోమాలియా, ఇరాన్, అఫ్గానిస్థాన్.

లెబనాన్ మాత్రం ప్రత్యేకం. బేరూత్ వీధుల్లో జరిగిన అంతర్యుద్ధం ఫొటోలకు 1976లో రాబర్ట్ కాపా గోల్డ్ మెడల్ వచ్చింది. అసాధారణ ధైర్యంతో విదేశాల నుంచి తెచ్చిన ఫొటోలకు ఇచ్చే ఆ పతకం అందుకున్న మొదటి మహిళ ఆమె. వియత్నాంలో ఒక దళం వెంట నడిస్తే సరిపోయేది. బేరూత్‌లో వీధికో ముఠా, గోడకో గురికాడు, పొద్దున అనుమతిచ్చిన కాపలావాడు సాయంత్రానికి ఉండడు. అక్కడ ప్రెస్ కార్డుకు విలువ లేదు. పరిచయాలకే విలువ. ఆ ఏటి బేరూత్‌లోనే మరో ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ ఫ్రాన్స్వాజ్ దెముల్డర్ తీసిన ఫొటోకు వరల్డ్ ప్రెస్ ఫొటో బహుమతి దక్కింది, మహిళకు ఆ బహుమతి రావడమూ అదే మొదలు. 1982లో ఇజ్రాయెల్ సైన్యం పశ్చిమ బేరూత్‌ను ముట్టడించినప్పుడు లెర్వా మళ్లీ అక్కడే ఉంది. టోనీ క్లిఫ్టన్ రాసిన వచనంతో ఆ ఫొటోలు మరుసటి ఏడాది పుస్తకంగా వచ్చాయి. ఆమె చివరి ఏళ్లు అమెరికాలో గడిచాయి. 2006 జూలై 8న శాంటా మోనికాలో ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో కన్నుమూసింది. వయసు 61.

ఇంత చేసిన మనిషి పేరు ఎందుకు తక్కువమందికి తెలుసు? సైగాన్ వీధిలో తలకు గురిపెట్టిన పిస్తోలు ఫొటో అనగానే ఎడ్డీ ఆడమ్స్ పేరు, ఒంటిమీద బట్టల్లేకుండా పరుగెత్తే పాప ఫొటో అనగానే నిక్ ఉట్ పేరు వస్తాయి. ఆ రెండూ ఏపీ ద్వారా ప్రపంచమంతా పాకి, పులిట్జర్ తెచ్చుకున్న ఫొటోలు. సంస్థ ఏటేటా వాటిని మళ్లీ ప్రచురిస్తుంది, చరిత్ర చెబుతుంది, నెగెటివ్‌లు జాగ్రత్త చేస్తుంది. ఫ్రీలాన్సర్‌కు అలాంటి ఇల్లు లేదు. ఆమె పని వేర్వేరు ఏజెన్సీలకూ పత్రికలకూ చెదిరిపోయింది, కొన్నేళ్లకు పేరు లేకుండా వాడటం మొదలవుతుంది. ఆమె నెగెటివ్‌లనూ, వియత్నాం నుంచి తల్లికి రాసిన ఉత్తరాలనూ కాపాడే పనిని ఆమె పేరుతో ఏర్పడిన ఒక నిధి తర్వాత చేపట్టింది.

ఇంకో కారణం ఆమె తీసిన ఫొటో స్వభావంలోనే ఉంది. ఆడమ్స్ ఫొటో, ఉట్ ఫొటో ఒక్క ఫ్రేములో మొత్తం చెప్పేస్తాయి. లెర్వా 881 కొండ ఫొటో మూడు ఫ్రేముల్లో ఉంది. వారపత్రికకు రెండు పేజీలుండేవి, మూడింటినీ వరసగా పరిచేది. ఇవాళ తెరమీద చోటు లేదని మూడోదాన్ని మాత్రమే తీసుకుని, తరచూ నాలుగువైపులా కత్తిరించి పెడుతున్నారు. అలా పెట్టినప్పుడు కనిపించేది ఆర్తితో నోరు తెరిచిన ఒక సైనికుడు మాత్రమే. అతను ఎవరికోసం, ఎంతసేపు, ఏం చేశాక తల ఎత్తాడో పోతుంది. ఆ ఫొటోను వాడేవాళ్లు మూడింటినీ తీసిన వరసలోనే పెట్టాలి. కత్తిరించకూడదు. వెనకున్న విరిగిన చెట్లను ఉంచాలి. కింద వెర్నన్ వైక్ పేరు, 881 కొండ, 1967, కాథరిన్ లెర్వా అని రాయాలి.